ఆమెన్ మాత్రం ఆయనది

మా ఇంట్లో ప్రార్థన తెల్లారి అయిదింటికి. కొండ దిక్కు నుంచి మైకులో మేలుకొలుపు మొదలయ్యే టయానికి మేమూ చాప పరుచుకుని మోకాళ్ళ మీదికి వస్తాము. తిరుచానూరు రోడ్డులో కింద పూలంగళ్ళు, పైన మా అద్దె ఇల్లు. కింద వాళ్ళు మల్లెపూలు మూరలు కొలుస్తా ఉంటే పైన నేను మొదటి స్తోత్రం అందుకుంటాను. ముందు ఒక పాట, తర్వాత వాక్యం, ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు నోరు తెరిచి ప్రార్థన. మనసులో చేసుకుంటానంటే మా ఇంట్లో కుదరదు. మా నాయన పాస్టరు. ఆయన పెట్టిన పద్ధతి అది, నేను పుట్టింటి నుంచి పెట్టెతో పాటు తెచ్చుకున్నాను.

నేను మొదలుపెడితే ఇరవై నిమిషాలు. గొప్పకు చెప్పడం లేదు, మా పాప గడియారం చూసి చెప్పిన మాట. దేశాన్ని ఏలేవాళ్ళతో ఎత్తుకుని, ఘాట్‌రోడ్డులో బస్సులు తోలేవాళ్ళు, సంఘంలో కడుపుతో ఉండే ఆడబిడ్డలు, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు, కింద పూలంగడామె అల్లుడి తాగుడు, ఎవర్నీ వదలను. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. కొలత సరిగ్గా ఇచ్చి, తర్వాత రెండు కిలోలు పెరిగి, జాకెట్టు బిగువైందని నా మీదికొచ్చే వాళ్ళ మనసు మార్చమని కూడా అడుగుతాను. అడిగితే తప్పేముంది?

తర్వాత మా ఆయన వంతు. గొంతు సవరించుకుంటాడు. ఆ సవరింపు చూస్తే ఏదో పెద్దదే వస్తుందనుకుంటారు ఎవరైనా.

"అందరినీ సల్లగా సూడు సామీ. ఆమెన్."

అంతే. పదిహేనేండ్లుగా ఇదే మాట. మా ఆయనది నగరి, మగ్గాల సద్దులో పుట్టి పెరిగిన మనిషి. రేణిగుంటలో గోడౌను పనికొచ్చి, గదిలో తోడుండే వాళ్ళతో పాటు మా సంఘానికి వచ్చి, అట్లే నిలిచిపోయినాడు. "సామీ అనొద్దు, ప్రభువా అనండి, తండ్రీ అనండి" అని నేను చెప్పి చెప్పి అలిసిపోయినాను. "పిలుపు మారిస్తే ఎవురో కొత్తోడు అనుకుంటాడు లేమే" అంటాడు. తొమ్మిదో తరగతి చదివే మా పాపకు ఇదంతా తమాషా. అమ్మది సీరియలు, నాయనది షార్టు అని పేర్లు పెట్టింది.

నిజం చెప్పాలంటే, ఆ ఒక్క మాటను చూసే నేను ఆయన్ని చేసుకున్నాను. చిత్తూరు పక్క పల్లెలో పాస్టరు ఇంట పుట్టినదాన్ని నేను. సేవకుడి ఇల్లంటే ఏమో నాకు తెలుసు. ఎవరు ఎప్పుడు తలుపు తట్టినా నాయన చెప్పులేసుకుని పోయేవాడు. ఇంట్లో ఏముండాది, ఏం లేదు అని అడిగేవాడు కాదు. సంఘంలో ఎవురింట సొరకాయలు కాస్తే ఆ వారమంతా మాకు సొరకాయ. మునక్కాయలు కాస్తే మునక్కాయ. అందుకని పెండ్లీడుకు వచ్చినప్పుడే అమ్మతో కచ్చితంగా చెప్పినాను, ఎవుర్నైనా చేసుకుంటాను గానీ పాస్టర్ని చేసుకోనని. చూసిపోను వచ్చిన వాళ్ళలో ఇద్దరు మా ఇంట్లో మోకాళ్ళూని అరగంట ప్రార్థన చేసినారు. ఇద్దర్నీ వద్దన్నాను. మూడోసారి ఈయన వచ్చినాడు. "ఒక మాట ప్రార్థన చెయ్యి నాయనా" అన్నాడు మా నాయన. ఈయన చెమటలు పట్టిపోయి, చొక్కా చివర నలుపుకుంటా, ఆ ఒక్క మాట అనేసి ఆమెన్ చెప్పినాడు. మా నాయన మొహం చిన్నబోయింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఈ మనిషిని దేవుడు కూడా సేవకు పిలవలేడు అనుకున్నాను. ఆ పొద్దే ఒప్పుకున్నాను.

అంత ధీమాగా ఉండిన నాకు, పోయినేడు వానలు వెనకబట్టిన దినాల్లో దెబ్బ పడింది. సాయంత్రం పూట. నేను నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక పట్టు జాకెట్టుకు చేతులు సరిచేస్తా ఉండాను. ఆయన వచ్చి మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమే, నేను పని మానేద్దామనుకుంటా ఉండాను. దేవుడు సేవకు పిలస్తా ఉండాడు."

సూదులు మింగకుండా బయటికి ఉమ్మడం ఆ పొద్దు నేను చేసిన తెలివైన పని. తర్వాత నవ్వినాను. పడీ పడీ నవ్వినాను. ఆయన నవ్వలేదు. లేచి పోయి, మా నాయన పెండ్లికి ఇచ్చిన నల్లట్ట బైబిలు పుస్తకం తెరిచి, అందులో నుంచి ఒక మడత కాగితం తీసి చూపించినాడు. రాజీనామా ఉత్తరం. టైపు కూడా కొట్టించినాడు మహానుభావుడు! కింద సంతకం ఒకటే తక్కువ.

మామూలుగా నేను ఆయన్ని మీరు అంటాను. కోపమొస్తే నువ్వు అయిపోతాడు. "నీకు నోరు రాదు గదయ్యా! మైకు ముందర నిలబడి ఏం చెప్తావు? అందరినీ సల్లగా సూడు, ఇంటికి పోండి అంటావా?" అన్నాను. ఆయన తల దించుకుని, "పిలిచినోడే నేర్పిస్తాడు" అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వు పోయి భయం పట్టుకుంది. మా నాయన కూడా అచ్చం అట్లే అనేవాడు.

రెండు రోజులు ఇంట్లో గిన్నెలే మాట్లాడినాయి. మూడోరోజు ఒక ఒప్పందానికి వచ్చినాము. ఇరవై ఒక్క పొద్దులు దేవుడి చిత్తం కోసం ప్రార్థన చెయ్యాల. ప్రార్థనలో తప్ప బయట ఈ మాట ఎత్తకూడదు. ఇరవై రెండో పొద్దున, దేవుడు ఎవరికి ఏం చెప్పినాడో నిజంగా చెప్పుకోవాల. వద్దని చెప్తే ఉత్తరం చించెయ్యాల, పొమ్మని చెప్తే ఆ దినమే ఇచ్చెయ్యాల. అంతదాకా ఉత్తరం నల్లట్ట పుస్తకంలోనే ఉండాల. "దేవుడు ఇద్దరికీ చెరో మాట చెప్తే?" అని అడిగింది పాప. నువ్వు పోయి పండ్లు తోముకో అన్నాను.

శనివారం పొద్దున మొదలుపెట్టినాము. మొదలుపెట్టిన నిమిషం నుంచే నేను చేసిన పని ఏమో చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉండాది. దేవుణ్ణి మధ్యన కూర్చోబెట్టి మొగుడితో జగడమాడినాను.

"ప్రభువా, కొందరికి ఉన్నపళంగా ఏదేదో వినబడతా ఉండాది, వాళ్ళ చెవులు బాగుచెయ్యి తండ్రీ. ఇంటిని ఏలడం రానివాళ్ళకి సంఘాన్ని ఏలే ఆశ పుట్టనియ్యొద్దు ప్రభువా. శనివారం శనివారం పని ముగించి ఇంటికి రాకుండా యాడ తిరుగుతారో తెలీని మగవాళ్ళని జ్ఞాపకం చేసుకో తండ్రీ."

శనివారాల సంగతి అప్పటికి అయిదారు నెలలుగా నడస్తా ఉండింది. ఆరింటికి రావాల్సిన మనిషి తొమ్మిదింటికి వచ్చేవాడు. అడిగితే పనుండిందనేవాడు. ఓవర్‌టైము అనుకుని ఊరుకున్నాను.

ఇంత చేసినా ఆయన ఏమనేవాడు? అదే మాట. అందరినీ సల్లగా సూడు సామీ. కాకపోతే నాలుగో రోజున ఆమెన్‌కు ముందు ఒక్క క్షణం ఆగి, "ముఖ్యంగా ఈడ మోకాళ్ళూనినోళ్ళని" అని కలిపినాడు. పదిహేనేండ్లలో మొదటిసారి ప్రార్థన పొడుగైంది. అదీ నామీద. పాప దుప్పట్లో మొహం పెట్టుకుని నవ్వింది.

ఆ వారం చివర్లో మా సంఘంలో స్త్రీల కూడికలు, మూడు రోజులు. మొదటిరోజే కరెంటు పోయింది, మైకు పోయింది. వెనక వరస దాకా వినబడాల గదా అని నేనే పాటలెత్తినాను. అందరూ నీ గొంతు గొంతేనమ్మా అంటా ఉంటే ఇంగా పైకెత్తినాను. మూడోరోజు ఐసు నీళ్ళు కూడా తాగినాను. ఆదివారం పొద్దున లేచి ప్రార్థనకు నోరు తెరిస్తే గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్ళీ తెరిచినాను. గాలే.

డాక్టరు టార్చి వేసి చూసి, గొంతు లోపల పుండు మాదిరి వాచిపోయి ఉండాదమ్మా అన్నాడు. రెండు వారాలు ఒక్క మాట కూడా వద్దన్నాడు. నేను సైగ చేసి, గుసగుసగా మాట్లాడొచ్చా అని అడిగినాను. అది ఇంగా చెరుపన్నాడు. మా ఆయన పక్కన నిలబడి, మొహం నిండా దుఃఖం తెచ్చుకోవాలని చానా కష్టపడినాడు గానీ, మీసాల కింద నవ్వు దాగలేదు. బయటికొచ్చినాక ఆటోలో నన్ను చూసి, "దేవుడు జవాబు ఇచ్చేదానికి మొదలుపెట్టినట్టుండాడే" అన్నాడు. నాకు గిల్లడం తప్ప వేరే దారి లేకపోయింది, గట్టిగానే గిల్లినాను.

ఇల్లు మూగబోయింది. ఒక దినం చూసి కింద పూలంగడామె పైకొచ్చింది, ఏమ్మా, ఊరికి పోయినావేమో అనుకున్నానని. జాకెట్ల వాళ్ళతో పలక మీద రాసి మాట్లాడతా ఉండాను. ఇదంతా సరే. తెల్లారి ప్రార్థన సంగతేంది? ఎవురి ప్రార్థన వాళ్ళు బయటికి చెయ్యాలనే పద్ధతి నేనే కదా తెచ్చిపెట్టింది. నాకు రవ్వంత సెలవిమ్మని సైగ చేసినాను. మా పాప ఊరుకుంటుందా? తనకు జలుబు చేసిన రోజు కూడా నేను వదల్లేదంట. "అమ్మ రాసియ్యాల, నాయన చదవాల" అని తీర్పు చెప్పింది.

అబ్బా, ఆ తీర్పు విని నాకు కలిగిన సంతోషం! జాకెట్టు కొలతలు గీసే గోధుమరంగు కాగితాలు బొత్తి బొత్తి ఉండాయి మా ఇంట్లో. ఒక పెద్ద ముక్క చించి, రెండు పక్కలా నిండా రాసినాను. మా ఆయన దాన్ని వెలుగుకు పెట్టుకుని, లారీలో సరుకు పట్టీ చదివినట్టు ఒక్కొక్క మాటా నొక్కి చదివినాడు.

"ప్రభువా. స్తోత్రం. నా భర్తకు. కాస్త బుద్ధి. ప్రసాదించు."

ఆగినాడు. నన్ను చూసినాడు. నేను కండ్లు మూసుకుని భక్తిగా ఉండాను. "సదువు నాయనా, మధ్యలో నిలపకూడదు" అంది పాప.

"ఈయన మొండితనం. నీకు తెలియంది కాదు. పోయిన దసరాకు గ్యాసు బండ మార్చమంటే. మూడు దినాలు మార్చని మనిషి. నీ మందను ఎట్ల కాస్తాడు తండ్రీ." ఇక్కడ ఆయన కాగితం దించి, పైకి చూసి, "సామీ, ఇది నా మాట కాదు, నీకు తెలుసు" అని చెప్పుకుని మళ్ళీ చదివినాడు.

అట్ల పది రోజులు గడిచినాయి. నా తిట్లు నా మొగుడి నోటితోనే దేవుడికి పంపించినాను. ఇంత సుఖం ఏ పెండ్లానికి దొరికింటాది? మధ్యమధ్యలో ఆయన తన మాటలు చేర్చడం మొదలుపెట్టినాడు. "బండ రెండు దినాలే సామీ, మూడు కాదు" అనీ, "ఈ మాట మాత్రం నిజమే, ఒప్పుకుంటా ఉండాను" అనీ. చూస్తా చూస్తా ఉండగానే మా ఆయన ప్రార్థన అయిదు నిమిషాలకు వచ్చింది. దాన్ని నేను అప్పుడు గమనించుకోలేదు, నా రాతలో నేనుండాను.

ఇరవయ్యో పొద్దున నాలుగున్నరకే మెలకువ వచ్చింది. కాగితం ముందర పెట్టుకుని "ప్రభువా" అని రాసినాను. ఆ పైన ఏమీ తోచలేదు. తిట్లన్నీ అయిపోయినాయి. గొంతుంటే ఈ బాధ లేదు, ఒక మాట ఇంకో మాటను లాక్కొస్తుంది, ఏం చెప్తా ఉండామో మనకే తెలీకుండా ఇరవై నిమిషాలు అయిపోతాది. రాయడం అట్ల కాదు. పెన్ను ఊరికే నిలబడి, ఇంతకీ నీ బాధేమి అని అడిగినట్టుంది. చాలాసేపు కూర్చున్నాను. కింద పూల మూటలు దించుతా ఉండారు. ఆ తర్వాత రాసింది నేను ఎప్పుడూ, ఎవరికీ, దేవుడికి కూడా చెప్పంది. తక్కువే రాసినాను.

మా ఆయన ఎప్పటిమాదిరే గొంతు సవరించుకుని, ఈ పొద్దు ఏం తిట్టుంటుందో అని నవ్వుమొహంతోనే అందుకున్నాడు.

"ప్రభువా. నాకు తొమ్మిదేండ్లప్పుడు జరం వచ్చింది. అయిదు దినాలు ఒళ్ళు తెలీలేదు. మా నాయన ఇంట్లో లేడు. పలమనేరు పక్క ఒక పల్లెలో ఎవురో బిడ్డకు బాగాలేదంటే, ఆ బిడ్డ పక్కన కూర్చుని ప్రార్థన చేస్తా ఉండినాడు. ఆ బిడ్డ లేచింది. ఆ సాక్ష్యం మా సంఘంలో ఎన్నిసార్లు చెప్పినారో. చెప్పిన ప్రతిసారీ అందరూ హల్లెలూయ అన్నారు. నేనూ అన్నాను." ఆయన గొంతులో నవ్వు ఎప్పుడు పోయిందో, మాట మెల్లగా వస్తా ఉంది. "నువ్వు ఆ బిడ్డను లేపినందుకు నాకు కోపం లేదు. నన్నూ లేపినావు. కానీ నేను లేచేటప్పటికి మా నాయన పక్కన లేడు. ఆయన అందరికీ దొరికినాడు, నాకు దొరకలేదు. ఈ మనిషిని నేను ఏరుకున్నది ప్రార్థన రాదని కాదు. సాయంత్రానికి ఇంటికొస్తాడని. ఈయన్ని కూడా..."

అక్కడ ఆపేసినాడు. మిగతాది చదవలేకపోయినాడు. ఇంగా ఒక్క మాటే ఉండింది, తీసుకోవద్దు అని. పాప కండ్లు తెరిచి నన్ను చూస్తా ఉండాది. దానికి తాతంటే పటంలో ఉండే పెద్ద దైవజనుడు, అంతే. మా ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ పొద్దు తన ఒక్క మాట కూడా అనలేదు. ఆమెన్ లేకుండానే లేచి డ్యూటీకి పోయినాడు.

మరుసటి పొద్దు, అంటే ఇరవై ఒకటో పొద్దు, నేను రాసియ్యకముందే ఆయన నా చేతిలో ఒక కాగితం పెట్టినాడు. గోడౌనులో సరుకు రాసుకునే పట్టీ, దాని వెనకవైపు రాసినాడు. "నాకూ నోరు లేదు గదా. అందుకని నేనూ రాసినాను" అన్నాడు. పాప చెయ్యి చాపితే, "నీకు కాదు మ్మా" అన్నాడు. నేనే మనసులో చదువుకున్నాను. మా ఇంట్లో సద్దు లేకుండా జరిగిన మొదటి ప్రార్థన అదే.

"సామీ. నాకు ప్రార్థన రాదని అందరూ అంటారు. రాకుండా లేదు. పెండ్లయిన కొత్తలో రేణిగుంట బస్సులో కూర్చుని ఏమేమి చెప్పాల అని దినామూ అనుకుంటా వచ్చేవాణ్ణి. తెల్లారితే అవన్నీ ఈమె ముందే చెప్పేసేది. నాకంటే బాగా చెప్పేది. ఇంగ నాకేం మిగల్లేదు. ఆమెన్ ఒకటి మిగిలింది. మా లోడింగాయన స్కూటరు మీద పడి కాలిరిగి పెద్దాసుపత్రిలో ఉంటే చూసేదానికి పోయినాను. ఆడ పల్లెల నుంచి వచ్చినోళ్ళు ఎక్సురే యాడ తీస్తారో తెలీక తిరగతా ఉండారు. ఇద్దర్ని తీసుకుపోయినాను. ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని, మీ సామికి నా గురించి ఒక మాట చెప్పు అన్నాడు. నాకొచ్చేది ఒకటే మాట గదా. అది చెప్పినాను. ఆయన నిద్రపోయినాడు. ఆ పొద్దు నుంచి శనివారం శనివారం పోతా ఉండాను. ఆడ నా ఒక్క మాట సాలతా ఉండాది. ఇంట్లో సాలడం లేదు. అందుకని అదే పిలుపనుకున్నా. నువ్వు పిలిచినావో, నేనే అనుకున్నానో నాకు తెలీదు. ఈ ఇంటిని ఇడిసిపెట్టాలని మాత్రం కాదు సామీ. భయంగా ఉండాది. సల్లగా సూడు."

చదివి మొదట నాకు కోపమే వచ్చింది. నేను ఎప్పుడు నోరు నొక్కినాను, చెప్పొద్దన్నానా అని లోపల అరిచినాను. అరుపు బయటికి రాదు గదా, లోపలే తిరిగి తిరిగి చల్లారింది. చల్లారినాక చానా సిగ్గు వేసింది. మా నాయన ఊరందరికీ దొరికి నాకు దొరకలేదని ముప్పై ఏండ్లుగా ఏడస్తా ఉండినదాన్ని, నేను చేసింది మాత్రమేమి? ఊరందరి పేర్లూ దేవుడి ముందర పెట్టినాను, నా పక్కన మోకాళ్ళూనిన మనిషికి ఒక మాట పట్టేంత సందు ఇవ్వలేదు. దేవుడు పైనుంచి ఏమన్నా చెప్తాడేమో అని ఇరవై ఒక్క దినాలు చెవులు రిక్కించి ఉండాను. నా గొంతు పోయిన తర్వాత గానీ, మూరెడు దూరంలో ఉండే మనిషి చెప్పేది నాకు వినబడలేదు. ఆ చాప మీదనే కూర్చుని ఏడ్చినాను. ఏడవడానికి గొంతు అక్కర్లేదని అప్పుడే తెలిసింది.

ఇరవై రెండో పొద్దు శనివారం. డాక్టరు చెప్పిన గడువు ఇంగా ఒక దినం ఉండాది గానీ, కప్ప అరిచినట్టు కొంచెం మాట వస్తా ఉంది. పాప మాకంటే ముందే లేచి చాప పరిచింది.

"చెప్పండి. దేవుడు ఎవురికి ఏం చెప్పినాడు?"

"నాకేం చెప్పలేదు" అన్నాను కీచుగా.

"నాకూ చెప్పలేదు" అన్నాడు ఆయన.

"మరి ఇరవై ఒక్క దినాలు నన్ను అయిదింటికి లేపింది దేనికి?" అని పాప ఎత్తుకుంది చూడండి, అచ్చం నా గొంతే! ముగ్గురమూ నవ్వినాము. నవ్వు అయినాక నేను లేచి, నల్లట్ట పుస్తకంలో నుంచి ఉత్తరం తీసి, పెన్నుతో సహా ఆయన చొక్కా జేబులో పెట్టినాను. "ఇస్తారో మానతారో మీ ఇష్టం. నేను అడ్డం రాను. కానీ సాయంత్రం నేనూ ఆసుపత్రికి వస్తాను. నా మొగుణ్ణి ఎవురు పిలుచుకుపోతా ఉండారో నేనూ చూడాల" అన్నాను. సరే రా అన్నాడు.

సాయంత్రం పోయినాము. వరండా నిండా చాపలు, మూటలు, టిఫిన్ క్యారియర్లు. గోడౌనులో గట్టిగా పలకని మా ఆయన అక్కడ సొంత ఇంట్లో తిరిగినట్టు తిరగతా ఉండాడు. "ఏం పెద్దాయనా, తిన్నావా?" "యాడ నుంచి వచ్చినావు మ్మా?" ఇంతే అడుగుతాడు. అడిగి పక్కన కూర్చుంటాడు. వాళ్ళు చెప్పేదంతా వింటాడు. మధ్యలో ఒక్క సలహా ఇయ్యడు. నేనైతే ఈ పాటికి పదిమందికి పది మందులు చెప్పుంటాను.

పుంగనూరు పక్క నుంచి వచ్చిన ఒక అవ్వ ఆయన్ని చూసి లేచి కూర్చుంది. ఆమె మొగుడికి రేపు పొద్దున స్కాను తీస్తారంట. ఆమెకు చదువు రాదు, యాడికి తీసుకుపోవాలో నలుగురు నాలుగు దిక్కులు చెప్పినారంట. మా ఆయన ఆమెను తీసుకుపోయి దారి చూపించుకొచ్చినాడు. అయినా ఆమెకు దిగులే. పొద్దున మర్చిపోతే ఎట్లప్పా అంది. "రాసిస్తాలే అవ్వా, ఎవురికైనా సూపించు" అంటా ఆయన జేబులు తడుముకున్నాడు. ఒకటే కాగితం ఉండింది.

తీసి విప్పినాడు. సంతకం లేదు. దాన్ని అట్లే తిప్పి, మోకాలి మీద పెట్టుకుని, వెనకవైపు పెద్దపెద్ద అక్షరాలతో రాసినాడు. నీలం గేటు, మెట్ల పక్కన, రెండో కిటికీ. పక్కనే ఒక బాణం గుర్తు కూడా వేసినాడు. అవ్వ ఆ కాగితాన్ని పదిలంగా మడిచి రొండిలో దోపుకుంది.

"ఏమండీ, అది..." అన్నాను.

"వేరే కాగితం లేదే" అన్నాడు నన్ను చూడకుండా. తర్వాత చూసినాడు. "సోమవారం నాకు పొద్దుటి షిఫ్టు. శనివారం మాత్రం ఈడికొస్తా. నువ్వూ వస్తే ఇద్దరమూ తొమ్మిదికి ఇల్లు చేరతాము."

నేను తల ఊపినాను.

"మీ సామికి మా ఆయన గురించి ఒక మాట చెప్పండప్పా" అనింది అవ్వ. మా ఆయన నా దిక్కు తిరిగినాడు. పాస్టరు కూతుర్ని, ఇరవై నిమిషాల దాన్ని, నాకు వంతు ఇస్తా ఉండాడు. నేను వద్దని చేత్తో సైగ చేసి, మీరే అన్నాను. ముగ్గురమూ కండ్లు మూసుకున్నాము. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అందరినీ సల్లగా సూడు సామీ."

అవ్వ చెంపలేసుకుని గోవిందా అనింది. నేను ఆమెన్ కోసం చూస్తా ఉండాను. ఎంతసేపటికీ రాలేదు. కండ్లు తెరిచి చూస్తే ఆయన నన్నే చూస్తా ఉండాడు, నాకోసం వదిలిపెట్టి. ఆ ఒక్క మాట నేను అన్నాను.